కనెక్షన్ పూల్: 50 మేలా, 5 మేలా, పీజీబౌన్సర్ మేలా?

రుషికొండ ఐటీ కొండ మీద ఒక టీమ్ సింహాచలం చందనోత్సవం లాంటి రద్దీని తట్టుకునే టికెట్ల సైటు కడుతోందనుకుందాం. నిజరూప దర్శనం ఏడాదికి ఒక్క రోజే, కాబట్టి బుకింగ్ తెరవగానే జనం ఒక్కసారిగా వచ్చి పడతారు. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్, దానికి 8 కోర్ల మెషిన్, ఎస్‌ఎస్‌డీ డిస్కు. దాని ముందు 4 యాప్ సర్వర్లు, ఒక్కోదానిలో హికారీ పూల్, అంటే డేటాబేస్ కనెక్షన్లను ముందే తెరిచి ఉంచి, అడిగినవారికి ఇచ్చి, పని అయ్యాక తిరిగి తీసుకునే జావా లైబ్రరీ. ఆ పూల్ సైజు ఎంత ఉండాలి?

50 పెడితే మొదటి దెబ్బ రద్దీకి ముందే తగులుతుంది. మినిమమ్ ఐడిల్ (ఖాళీగా సిద్ధంగా ఉంచాల్సిన కనీస కనెక్షన్లు) విడిగా ఇవ్వకపోతే హికారీ 50 కనెక్షన్లనూ తెరిచే ఉంచుతుంది. పోస్ట్‌గ్రెస్ డిఫాల్టు పరిమితి 100, అందులో 3 సూపర్‌యూజర్‌కు. రెండో సర్వరు పూర్తిగా లేవకముందే స్లాట్లు అయిపోతాయి. సరే, పరిమితిని 300కు పెంచారనుకోండి. పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్ ఒక్కో ప్రాసెస్. 200 ప్రాసెస్‌లు 8 కోర్ల కోసం పోటీపడితే పని కంటే ఒక ప్రాసెస్ నుంచి ఇంకోదానికి మారడానికే సమయం పోతుంది. మిగిలిన టికెట్ల లెక్క ఒకే వరుసలో ఉంటే మరీ ఘోరం: ఒకరు దాన్ని అప్‌డేట్ చేస్తుంటే మిగతావాళ్లంతా కనెక్షన్ పట్టుకుని ఆ లాక్ కోసం కూర్చుంటారు. క్యూలైన్లు ఎన్ని వేసినా గర్భాలయం ముందు పట్టేది కొందరే కదా.

5 పెడితే మొత్తం 20. కోర్లు రెండింతలు, దానికి డిస్కు 1 కలిపే పాత లెక్కలో 17 వస్తుంది, దాదాపు అంతే. సరిపోతుందా? సెకనుకు 300 రిక్వెస్టులు, ఒక్కోటి కనెక్షన్‌ను 20 మిల్లీసెకన్లు పట్టుకుంటే, సగటున ఒకేసారి వాడుకలో ఉండేవి 6. దండిగా సరిపోతుంది.

అయితే ఆ 20 మిల్లీసెకన్లను కాపాడుకోవాలి. ట్రాన్సాక్షన్ మధ్యలో పేమెంట్ గేట్‌వేను పిలిచి 800 మిల్లీసెకన్లు ఆగారో, అవే 20 కనెక్షన్లు సెకనుకు 25 బుకింగులే మోస్తాయి. ముందు టికెట్‌ను పెండింగ్‌గా రాసి కమిట్ చేయండి, కనెక్షన్ వదిలేయండి, ఆ తర్వాతే గేట్‌వే. జవాబు వచ్చాక ఇంకో ట్రాన్సాక్షన్. యాప్ విశాఖలో, డేటాబేస్ ముంబైలో ఉన్నా ఇదే నష్టం: రాకపోకకు 30 మిల్లీసెకన్లు అనుకుంటే 5 క్వెరీలకు 150. రెండూ ఒకేచోట ఉంచండి.

చిన్న పూల్‌లో ఇంకో ఉచ్చు ఉంది. ఒక ట్రాన్సాక్షన్ లోపల స్ప్రింగ్ (జావా ఫ్రేమ్‌వర్క్) రిక్వైర్స్ న్యూతో, అంటే విడిగా కొత్త ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, రెండో కనెక్షన్ అడిగితే, 5 థ్రెడ్లు తలొకటి పట్టుకుని రెండోదాని కోసం ఒకదాన్నొకటి చూస్తూ ఉండిపోతాయి. ఆ కోడ్ మార్చలేకపోతే పూల్ సైజు, అలా అడిగే థ్రెడ్ల సంఖ్య కంటే కనీసం 1 ఎక్కువ ఉండాలి. హికారీ కనెక్షన్ కోసం డిఫాల్టుగా 30 సెకన్లు ఆగుతుంది, 3కు తగ్గించండి. యూజర్‌ను అరనిమిషం ఎదురుచూపించి ఎర్రర్ ఇవ్వడం కంటే వెంటనే చెప్పడమే మర్యాద.

పీజీబౌన్సర్ అంటే యాప్‌లకూ పోస్ట్‌గ్రెస్‌కూ మధ్య విడిగా నిలబడే పూలర్. ఈ 4 సర్వర్లకు అది అక్కర్లేదు. సర్వర్లు 20 అయినప్పుడు, లేదా ప్రాసెస్‌కొక కనెక్షన్ తెరిచే జాంగో, పీహెచ్‌పీ యాప్‌లు చాలా ఉన్నప్పుడు అదే సరైనది. ట్రాన్సాక్షన్ మోడ్ (ట్రాన్సాక్షన్ ముగియగానే కనెక్షన్ ఇంకొకరికి వెళ్లేది) పెట్టి, డిఫాల్ట్ పూల్ సైజు 20 ఉంచి, క్లయింట్ పరిమితిని డిఫాల్టు 100 నుంచి 1000కి పెంచండి. ఈ మోడ్‌లో సెషన్‌ను నమ్ముకున్నవి పనిచేయవు: సెట్ కమాండ్లు, నోటిఫికేషన్లు వినే లిజన్, యాప్ తనంతట తాను వేసుకునే సెషన్ అడ్వైజరీ లాకులు. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు (ముందే సిద్ధం చేసి మళ్లీ మళ్లీ వాడే క్వెరీలు) కావాలంటే పీజీబౌన్సర్ 1.21 లేదా ఆ తర్వాతి వెర్షన్ తీసుకోవాలి.

మన ఉదాహరణకైతే 5తోనే మొదలుపెట్టాలి. హికారీలో పెండింగ్ (కనెక్షన్ కోసం ఎదురుచూసే థ్రెడ్ల సంఖ్య) పెరిగితే వెంటనే సైజు ముట్టుకోకండి, ముందు పోస్ట్‌గ్రెస్‌లో ఒక్కో కనెక్షన్ ఏం చేస్తోందో చూపే పీజీ స్టాట్ యాక్టివిటీ తెరవండి. ‘ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్’ (ట్రాన్సాక్షన్ తెరిచి ఏ పనీ చేయకుండా ఉన్న) వరుసలు బారులు తీరి ఉంటే తప్పు కోడ్‌ది. అన్నీ యాక్టివ్‌గా ఉండి, లాక్ ఎదురుచూపులు లేక, సీపీయూ ఇంకా ఖాళీగా ఉంటేనే 5ను 7 చేసి మళ్లీ లోడ్ టెస్ట్ పెట్టండి.