ఆగి ఆగి పనిచేసే ఫ్యూయల్ పంప్: మల్టీమీటరా, టెస్ట్ ల్యాంపా?

పాత ఎంజీబీ (బ్రిటిష్ స్పోర్ట్స్) కార్లలో ఇంజిన్‌కు పెట్రోలు పంపే ఎస్‌యూ కంపెనీ ఎలక్ట్రిక్ పంప్ వెనక చక్రం దగ్గర ఉంటుంది. నీళ్లు, బురద తగిలి కనెక్షన్లు తుప్పు పడతాయి. పంప్ ఆగినప్పుడు వైరు ఊడదీసి డిజిటల్ మల్టీమీటర్ పెడితే 12 వోల్టులు చూపించవచ్చు. అది దాదాపు కరెంటే తీసుకోదు, అందుకే చెడ్డ జాయింటు కూడా బాగున్నట్టే కనిపిస్తుంది. బల్బు ఉన్న టెస్ట్ ల్యాంప్ (ఎల్‌ఈడీది వద్దు) కరెంటు లాగుతుంది కాబట్టి అక్కడ మసకబారుతుంది. నా ఓటు ముందు దానికే. పంప్ సప్లై వైరుకీ బాడీకీ మధ్య కలిపి, బల్బును సీటు దగ్గర పెట్టుకుని నడపండి. ఇంజిన్ తడబడినప్పుడు బల్బు ఆరితే లోపం సప్లైలో. వెలుగుతూనే ఉండి పంప్ టిక్‌టిక్ ఆగితే, లోపం పంప్ లోపలి కాంటాక్ట్ పాయింట్లదా, లేక పంప్ ఎర్త్‌దా (బాడీకి కలిపే కనెక్షన్‌దా) అని చూడాలి. ఆ ఎర్త్‌లో ఎంత వోల్టేజ్ పోతోందో కొలవడానికి మాత్రం మల్టీమీటరే కావాలి.