'తాబేలుతో ఈత గ్యారంటీ' అన్నారంటే డబ్బులు కట్టకండి

తిరుపతి, చిత్తూరు వైపు నుంచి ఈ వేసవికి లక్షద్వీప్ వెళ్దామనుకునేవాళ్లు అడ్వాన్సు ఇచ్చే ముందు ఇది చదవండి. దర్శనం టికెట్ల దళారులను చూస్తూ పెరిగినవాళ్లం, అయినా సొంత ఊళ్లోనే బోల్తా పడ్డాం.

బస్టాండు దగ్గర్లోని ఒక ట్రావెల్స్ ఆఫీసులో లక్షద్వీప్‌లోని అగత్తి దీవికి ప్యాకేజీ తీసుకున్నాం. కొచ్చి నుంచి విమానం, గది, దీవిలోకి వెళ్లే పర్మిట్ అన్నీ కలిపి ఒక రేటు. దాని మీద 'తాబేలుతో ఈత, పట్టుకుని ఫొటో గ్యారంటీ' అని మనిషికి 4,500 అదనం. నలుగురికి 18,000. రసీదు అడిగితే తెల్లకాగితం మీద పెన్నుతో రాసిచ్చాడు. అప్పుడే లేచి వచ్చేయాల్సింది. కానీ మావాడు అప్పటికే గోడ మీది ఫొటోకు అతుక్కుపోయాడు.

అగత్తి లగూన్‌లో, అంటే పగడపు దిబ్బ లోపలి లోతు తక్కువ నీళ్లలో, పచ్చ తాబేళ్లు ఉంటాయన్నది మాత్రం నిజం. నీళ్ల అడుగున గడ్డి మేస్తూ కనిపిస్తాయి, చెరువు గట్టున గేదెల్లాగా. ఆ గడ్డి తినే జీవికి మా పడవవాడు బ్రెడ్డు ముక్కలు విసిరాడు. ఒకటి దగ్గరికి రాగానే చిప్పను రెండు పక్కలా పట్టి పైకెత్తి, "రండి సార్, త్వరగా" అన్నాడు. చుట్టూ పదిమంది మూగారు. మావాడు అది తల లోపలికి ముడుచుకుంటుందని చూశాడు. సముద్రపు తాబేలుకు ఆ వీల్లేదు, తలా కాళ్లూ బయటే ఉంటాయి. తెడ్ల లాంటి ముందుకాళ్లతో నీళ్లను టపటపా కొడుతోంది. ముక్కు పైకెత్తి ఫుస్సుమని గాలి వదిలింది, మళ్లీ పీల్చుకునేలోపే ఎవరో ఫొటో కోసం కిందకు నొక్కారు. మా అమ్మ పడవలోంచి "కూర్మావతారం రా, వదలండ్రా" అని ఒకటే అరుపు. భక్తో భయమో గానీ, ఆ పూట మా అందరిలో బుద్ధిగా మాట్లాడింది ఆవిడొక్కతే.

ఇంకో సంగతి. సముద్రపు తాబేళ్లు 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి. పట్టుకోవడం, తరమడం, ఎర వేయడం కూడా ఆ చట్టంలో 'వేట' కిందకే వస్తాయి. ట్రావెల్స్ వాడు ఆఫీసులో ఉంటాడు, ఫొటోలో కనిపించేది మన చెయ్యి.

మరుసటి రోజు అక్కడి కుర్రాడొకతను తీసుకెళ్లాడు. నా తమిళం, అతని మలయాళం కలిపి ఎలాగో నెట్టుకొచ్చాం. స్నార్కెల్‌తో (నీళ్లలో తల ముంచి ఊపిరి పీల్చుకునే గొట్టం) సహా మనిషికి 800. వెంటపడొద్దు, పైనుంచి వెళ్లొద్దు, అది గాలికి పైకొచ్చే దారికి అడ్డం ఉండొద్దు, కాళ్లు కొట్టకుండా తేలుతూ ఉండండి అన్నాడు. కనిపిస్తుందా అంటే "చూద్దాం" అన్నాడు, గ్యారంటీ మాటే లేదు. చాలాసేపు నీళ్లు, గడ్డి, అంతే. తర్వాత మాకు కాస్త దూరంలో ఒకటి మెల్లగా లేచింది, గాలి పీల్చుకుంది, మమ్మల్ని ఒకసారి చూసి మళ్లీ మేతకు దిగింది. మావాడు ఇప్పటికీ చెప్పుకునేది దాని గురించే. మొదటి రోజు ఫొటో అడిగితే మాట మారుస్తాడు.

బుక్ చేసేటప్పుడు ఒక్కటి అడిగి చూడండి: "తాబేలు కనిపించకపోతే?" అని. "పట్టి చూపిస్తాం" అంటే అక్కడే ఆగిపోండి. మేత వేస్తారా, ఒక్కసారికి ఎంతమందిని దించుతారు, ఇవీ అడగండి. పక్కా బిల్లు లేకుండా రూపాయి ఇవ్వొద్దు. బిల్లు లేకపోబట్టే నేనిప్పుడు ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు పట్టుకుని తిరుగుతున్నాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాక 6,000 వెనక్కి వచ్చింది, మిగతాది "వచ్చే వారం" అంటున్నారు.

నిన్న అటు వెళ్తూ చూశాను. గోడ మీద అదే ఫొటో, పక్కన 'వేసవి స్పెషల్' అని కొత్త స్టిక్కరు.