ఆటోపైలటా, పైలట్ చెయ్యా? కుదుపుల్లేని ప్రయాణానికి ఏది మేలు?

మొన్న వానలో మధురపూడిలో, అంటే రాజమండ్రి విమానాశ్రయంలో దిగుతుంటే మా ఏటీఆర్ (ఫ్యాన్ రెక్కలతో ఎగిరే చిన్న విమానం) చక్రాలు దబ్బున నేలకు తగిలాయి. పక్కసీటు పెద్దాయన సీటు చేతులు వదలకుండానే, "చూశావా బాబూ, మిషన్‌కి వదిలేస్తే ఇలాగే కుదేస్తుంది" అన్నారు. నిజానికి అది పైలట్ చేతిపనే. ఆయనకి అప్పుడు చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతాను.

పైన, సమంగా సాగే దారిలో ఆటోపైలట్‌కి పోటీ లేదు. 29,000 నుంచి 41,000 అడుగుల మధ్య విమానాల నిలువు దూరం 1,000 అడుగులే. అందుకే అక్కడ ఎత్తును పట్టి ఉంచే ఆటోపైలట్ మామూలుగా ఆన్‌లో ఉండాల్సిందే. చేత్తో నడిపే మనిషి ఎత్తు చూపే ముల్లు కదిలాక చూస్తాడు, చూశాక సరిచేస్తాడు, ఒక్కోసారి కాస్త ఎక్కువే సరిచేస్తాడు. దాంతో విమానం నెమ్మదిగా లేస్తూ పడుతూ పోతుంది. మన కడుపుకి సరిపడనిది సరిగ్గా ఇలాంటి ఊపే. దాదాపు అయిదు సెకన్లకోసారి పైకీ కిందికీ వచ్చే ఊపుకే వాంతులు ఎక్కువ. ఆటోపైలట్ చిన్న తేడాని చిన్నగా ఉన్నప్పుడే దిద్దేస్తుంది.

మలుపుల్లో మాత్రం తేడా దాదాపు లేదు. ఒరుగు 25 డిగ్రీలున్నా సరిగా తిప్పితే మన బరువు పదో వంతే పెరుగుతుంది, కప్పులో కాఫీ తొణకదు. మంచి పైలట్ కూడా అలాగే తిప్పుతాడు.

అయితే ఆటోపైలట్ ఆన్‌లో ఉందంటే పైలట్ చేతులు కట్టుకుని కూర్చున్నాడని కాదు. దాన్ని ఏ పద్ధతిలో నడిపించాలో ఆయనే ఎంచుకుంటాడు. కింద నుంచి దారి చెప్పే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ వాళ్లు వెయ్యి అడుగులు ఎక్కమన్నారనుకోండి. ఒక పద్ధతిలో ఇంజన్లు ఒక్కసారిగా గట్టిగా లాగి, ముక్కు పైకి లేచి, అంతలోనే మళ్లీ వంగుతుంది. నిమిషానికి ఇన్ని అడుగులు చాలని చెబితే వెనక కూర్చున్నవాళ్లకి ఎక్కినట్టే తెలియదు. రెండూ ఆటోపైలట్టే. దిగేటప్పుడు రెక్కల మీద వేగం తగ్గించే పలకలు లేచి విమానం గడగడలాడటం కూడా చాలాసార్లు ముందుచూపు తగ్గినందుకే, మీటలు ఎవరు పట్టారన్నదానికి కాదు.

టర్బులెన్స్ దగ్గరే జనానికి టెన్షన్. "మనిషి అయితే జాగ్రత్తగా నడుపుతాడు కదా" అంటారు. ఎయిర్‌బస్ ఏ320 పైలట్లకి నేర్పేది వేరు. గట్టి కుదుపుల్లో ఆటోపైలట్ అలాగే ఉంచు, వేగాన్ని కుదుపులకి తగినంతకి తగ్గించు, ఇంజన్ల జోరు మరీ మారుతుంటే ఆటోథ్రస్ట్ (ఇంజన్ల జోరుని తనే సర్దే ఏర్పాటు) మాత్రం తీసెయ్. గాలి ఎత్తేసిన ప్రతిసారీ మనిషి ఎదురు తోస్తే, ఆ తోపు చేరేలోపు గాలి వదిలేస్తుంది. ఒక కుదుపు రెండవుతుంది.

మరి ఆటోపైలట్ తప్పు చేయదా? 2024 మే 21న లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న సింగపూర్ ఎయిర్‌లైన్స్ ఎస్‌క్యూ321 సంగతి చూడండి. మయన్మార్ మీద 37,000 అడుగుల దగ్గర పైకెగసే గాలి ఆ బోయింగ్ 777ని ఎత్తింది. చెప్పిన ఎత్తుకి తిరిగి రావాలని ఆటోపైలట్ ముక్కు వంచింది. తర్వాత 0.6 సెకన్లలో నిలువు బలం +1.35 జి నుంచి −1.5 జికి పడింది (1 జి అంటే మన మామూలు బరువు, మైనస్ అయితే సీట్లోంచి పైకి విసిరేస్తుంది), నాలుగు సెకన్లలోపే మళ్లీ +1.5కి లేచింది. బెల్టు లేనివాళ్లు గాల్లోకి లేచి కిందపడ్డారు. ఒకరు చనిపోయారు, చాలామంది గాయపడ్డారు. పైలట్లు ఆటోపైలట్ తీసేసి 21 సెకన్లు చేత్తో నడిపి మళ్లీ పెట్టారు. ఆటోపైలట్ చెప్పిన పనే చేసింది, పైలట్లూ చేయాల్సింది చేశారు. కానీ 0.6 సెకన్లలో ఎవరి చెయ్యీ అందుకోలేదు. అక్కడ తేడా చూపింది నడుముకి పెట్టుకున్న బెల్టు ఒక్కటే.

ఇక దిగడం. ఇక్కడ నా ఓటు మనిషికే. ఆటోల్యాండింగ్, అంటే ఆటోపైలట్టే విమానాన్ని దించడం, కొత్తదేం కాదు, 1965 జూన్‌లోనే ట్రైడెంట్ విమానం ప్రయాణికులతో హీత్రూలో అలా దిగింది. ఢిల్లీ చలికాలపు పొగమంచులో హైదరాబాద్ విమానాలు దిగగలుగుతున్నాయంటే దాని పుణ్యమే. కానీ దానికి గాలి హద్దులు తక్కువ. ఏ320లో ఆటోల్యాండింగ్‌కి అడ్డగాలి 20 నాట్లు (గంటకి సుమారు 37 కి.మీ.) దాటకూడదు, చేత్తో అయితే ఈదురుగాలితో కలిపి 38 దాకా. పైగా మెత్తగా దించడం దాని పని కాదు, రన్‌వే మీద సరైన చోట ఆనించడమే దాని పని. అందుకే కాస్త గట్టిగానే తగులుతుంది. ప్రశాంతమైన రోజున అనుభవం ఉన్న చెయ్యి అంతకన్నా మెత్తగా దించుతుంది.

అన్ని రోజులూ మెత్తగా దించాలని చూడకూడదు కూడా. తడి రన్‌వే మీద పూవులా ఆనిస్తే చక్రాలు నీటి పొర మీద జారతాయి. ఆ పొర చీల్చి బ్రేకులు పట్టాలంటే కొంచెం గట్టిగానే ఆనించాలి. మధురపూడిలో ఆ రోజు మా పైలట్ చేసింది బహుశా అదే.

ఇంకో మాట. ఏ320లో "చేత్తో" అన్నా మధ్యలో కంప్యూటర్లున్నాయి. సైడ్‌స్టిక్ (పైలట్ పక్కనుండే చిన్న మీట) ఎంత లాగినా 2.5 జి దాటనివ్వవు. తోక అటూఇటూ ఊగకుండా పట్టే యా డ్యాంపర్ కూడా, ఆటోపైలట్ తీసేసినా పనిచేస్తూనే ఉంటుంది.

ఏటీఆర్ కింద ఎత్తుల్లోనే ఎగురుతుంది. మే నెల మధ్యాహ్నం నేల కాగి లేచే వేడిగాలులు దానికి సూటిగా తగులుతాయి, ఎవరు నడిపినా ఊపు తప్పదు. అందుకే ఎండాకాలం ఊరెళ్లాల్సొస్తే నేను పొద్దున్నే ఉన్న విమానం, రెక్క కిందుగా ఉన్న సీటు చూసుకుంటాను. తోక దగ్గర కూర్చుంటే అదే కుదుపు రెట్టింపు అనిపిస్తుంది.