హెడ్‌లైట్ లెవెలింగ్ చక్రం: ఏళ్ల తరబడి వాడాక

స్టీరింగ్‌కు కుడి పక్కన, మోకాలికి కాస్త పైన, 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం చాలా కార్లలో ఉంటుంది. దాన్ని ఒక్కసారీ తిప్పకుండానే బండి అమ్మేసేవాళ్లే ఎక్కువ. అనంతపురంలో ఈ డీజిల్ సెడాన్ కొన్నప్పట్నుంచి నేను మాత్రం వాడుతూనే ఉన్నా.

మాకు కళ్యాణదుర్గం వైపు చేను ఉంది. డిక్కీలో శెనక్కాయల మూటలు వేస్తే వెనక కుంగి ముక్కు పైకి లేస్తుంది, డిమ్ లైటు కూడా ఎదుటివాడి కళ్లలోకే పోతుంది. చక్రం తిప్పితే లైటు వెనకున్న బుల్లి మోటారు రిఫ్లెక్టర్‌ను కిందికి వంచుతుంది. ముందు ఇద్దరే కూర్చుంటే 0, సీట్లన్నీ నిండితే 1, డిక్కీ కూడా నిండితే 2, డ్రైవరొక్కడే ఉండి వెనక నిండా లోడుంటే 3. బండిని బట్టి కొంచెం మారుతుంది. ఆ రోడ్డులో 2కి తిప్పడం మొదలుపెట్టాక ఎదురొచ్చే లారీలు డిప్పర్ కొట్టడం బాగా తగ్గింది. మధ్యలో డివైడర్ ఉండే 44వ నంబరు హైవే మీద అంత తేడా తెలీదు.

నా మార్కులు పదికి ఏడు. రాత్రి ఆ అంకెలు కనపడవు, అందుకు ఒకటి కోత. మిగతా రెండూ ఎందుకంటే, అది కిందికి దించడమే గానీ అసలు ఫోకస్ తప్పితే సరిచేయలేదు. ఒక షెడ్డులో బంపర్ పని చేయించాక కుడి లైటు చింతచెట్ల కొమ్మలకు కొట్టేది. చక్రం 3లో పెట్టినా అంతే.

దానికి లైటు వెనక స్క్రూలుంటాయి. టైర్లలో గాలి సరిచూసి, సమతలంగా ఉన్న గోడౌన్ గోడకు 10 మీటర్ల దూరంలో బండి ఆపి, చక్రం 0లో పెట్టి, మా తమ్ముణ్ని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టినా. లైటు మధ్యభాగం ఎంత ఎత్తుందో గోడ మీద సుద్దతో గీసి, రెండో లైటుకు గోనెసంచి కప్పి, స్టార్ స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తిప్పితే వెలుగు అంచు వణుకుతూ దిగింది. సుద్దగీతకు సుమారు 10 సెంటీమీటర్లు కింద ఆపినా, అంటే 1 శాతం వాలు. పక్కలకు తిప్పే స్క్రూ జోలికి పోలేదు. మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి అంచు ఎడమపక్క పైకి లేచి ఉండాలి, రోడ్డు వారన నడిచేవాళ్లు కనపడేది దాంతోనే.

హాలోజన్ రిఫ్లెక్టర్‌లో ఎల్ఈడీ బల్బు వేయించుకున్నోళ్లు మాత్రం ఈ చక్రం మీద ఆశ పెట్టుకోకండి. ఫిలమెంట్ ఉండాల్సిన చోట కాకుండా వెలుగు ఇంకోచోట పుడితే గోడ మీద అంచే సరిగ్గా పడదు. ఎంత దించినా పైకి చిమ్మే వెలుగు చిమ్ముతూనే ఉంటుంది.