నాయనమ్మ పెరట్లో ‘వెండి కోడి దువ్వెన’: మొక్కల యాప్ రెండు వానాకాలాలు వాడాక

ఫొటో తీస్తే మొక్క పేరు చెప్పే యాప్‌లు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు, ఆ సంగతులు వదిలేస్తున్నాను. నేను ఏడాది చందా కట్టి వాడినదాని పేరు కూడా రాయను. నా కోపమంతా అందులో ఒక్కదాని మీదే: పేరు పక్కన వచ్చే ‘కలుపు’ అనే ఎర్ర ముద్ర.

పరకాల దగ్గరి ఊళ్లో నాయనమ్మ ఇల్లు, వెనక రెండు గుంటల పెరడు నా చేతికొచ్చి రెండేళ్లయింది. ఉండేది హైదరాబాద్‌లో, నెలకు రెండు శనివారాలు వెళ్తాను. జామ, సీతాఫలం, కరివేపాకు, మందారం తప్ప అక్కడ ఏది ఏమిటో నాకు తెలియదు. ఆమె ఉన్నన్నాళ్లు అడగాలనీ తోచలేదు. మొదటి వానలకే పెరడంతా పేరు తెలియని పచ్చదనంతో నిండిపోయింది.

మొదటి నెల యాప్‌కు దండం పెట్టాను. నేల ఉసిరి, ఉత్తరేణి, తుమ్మి, కుప్పింటాకు... చకచకా చెప్పింది. వయ్యారిభామను చూపించి, ఒంటికి తగిలితే దురద, దద్దుర్లు వస్తాయని ముందే హెచ్చరించింది. ఆఫీసులో కనబడినవాళ్లందరికీ దీని గురించే చెప్పాను.

జులై చివర్లో బావి గట్టు చుట్టూ, ప్రహరీ పొడవునా జానెడు ఎత్తు మొక్కలు గుంపులుగా లేచాయి. అన్నీ ఒకటే రకం. ఫొటో తీస్తే అడవి తోటకూర జాతి అంది, పక్కన ఎర్ర ముద్ర. ఇంకేం, పీకడం మొదలుపెట్టాను. రెండు పూటలు పట్టింది. రెండు యూరియా సంచులు నిండాయి. నడుం పట్టేసినా పెరడు శుభ్రంగా కనబడుతుంటే సంతోషమేసింది.

పెత్రమాస నాడు పొద్దున్నే పక్కింటి అవ్వ, ఆమె కోడలు, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు సంచులు పట్టుకుని వచ్చారు. ఆ సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. ఏటా పువ్వు కోసం మా పెరటికే వస్తారట.

“గునుగు ఏది బిడ్డా?” అంది అవ్వ, గట్టు చుట్టూ చూస్తూ.

గునుగంటే పేర్చిన బతుకమ్మలో చూడటమే తప్ప మొక్కగా నేనెప్పుడూ చూడలేదు. గోడ పగులులో నా చేతికి చిక్కని ఒకే ఒక్క మొక్క, చివర తెల్లగా మెరిసే కంకితో నిలబడి ఉంది. దాన్ని చూపించింది.

“గవన్నీ పీకేసిన అవ్వా. ఫోన్ల కలుపని వచ్చింది.”

“మక్కచేన్ల ఉంటె కలుపే. మీ నాయనమ్మ పండుగకని ఇడిశిపెట్టేది.”

తిట్టినా బాగుండేది. ఆమె మిగతావాళ్లను తీసుకుని తంగేడు కోసం చెరువు కట్టవైపు వెళ్లిపోయింది. నేను పరకాలకు పోయి గునుగు కట్టలు కొనుక్కొచ్చి ఇచ్చాను.

ఆ ఒక్క మొక్కను మళ్లీ ఫొటో తీశాను. పువ్వుంది కాబట్టి ఈసారి సరిగ్గానే చెప్పింది: సెలోసియా అర్జెంటియా. కింద తెలుగు పేరు ‘వెండి కోడి దువ్వెన’! ఇంగ్లీషువాళ్లు దీన్ని సిల్వర్ కాక్స్‌కాంబ్ అంటారు, దాన్ని యంత్రం ముక్కకు ముక్క తెలుగు చేసింది. అవ్వకు చదివి వినిపిస్తే చాలాసేపు నవ్వింది. ఎర్ర ముద్ర మాత్రం అప్పుడూ ఉంది.

న్యాయంగా చెప్పాలంటే తోటకూర, గునుగు ఒకే కుటుంబానివి. లేతగా ఉన్నప్పుడు ఆకు చూసి పొరబడటం వింత కాదు. చేలల్లో అది కలుపేనని అవ్వ కూడా ఒప్పుకుంది. కానీ పేరు ఒక్కటే చెప్పి ఊరుకుంటే నేను ఎవరినో ఒకరిని అడిగేవాణ్ని. ముద్ర చూశాక ఆ అవసరం కనిపించలేదు.

రెండో వానాకాలంలో ఒక మేలు కూడా జరిగింది, అదీ రాయాలి. అక్క కొడుకు కంచె మీది తీగ నుంచి ఎర్రటి గింజలు కోసి జేబులో వేసుకున్నాడు. ఫొటో తీస్తే గురివింద, గింజ విషం అని పెద్ద అక్షరాల్లో వచ్చింది, వెంటనే లాక్కున్నాను. కాకపోతే నల్ల చుక్కున్న ఎర్ర గింజను చూసి గురివింద అని ఊళ్లో ఎవరైనా చెబుతారు. కాయలు లేని రోజుల్లో అదే తీగ ఆకును చూపిస్తే ఈ యాప్ చింతమొక్క అంది.

వేపచెట్టు మీది తిప్పతీగ విషయంలో మూడు పేర్లు ఇచ్చింది, నమ్మకం మూడింటికీ దాదాపు సమానమే. తిప్పతీగను పోలిన టినోస్పోరా క్రిస్పా హాని చేయవచ్చని ఆయుష్ శాఖ 2022లో చెప్పింది కాబట్టి కషాయం ఆలోచన మానుకున్నాను. నోట్లో పెట్టుకునేదేదీ ఫోన్‌ను అడిగి తేల్చుకోకండి.

పల్లెలోనే ఉండేవాళ్లకు ఇది అవసరం ఉండదేమో. నాలా వారాంతాల్లో వచ్చిపోయేవాళ్లకు, ఎవరినైనా అడగడానికి ముందు ఒక పేరు చేతిలో ఉండటానికి పనికొస్తుంది. అందుకే ఫోన్లోంచి తీసేయలేదు, చందా మాత్రం ఈ ఏడు కట్టలేదు, ఉచితంగా వచ్చేదే వాడుతున్నాను. మట్టిలో మిగిలిన నల్లటి సన్న గింజలతో గునుగు మళ్లీ మొలిచింది, బావి గట్టు దగ్గర సగం వరకే. లేతాకు తుంచి పప్పులో వేయమని అవ్వ చెబితే వేశాను, బాగుంది. ఇప్పుడు పూత వచ్చేదాకా దేన్నీ పీకడం లేదు, వయ్యారిభామ ఒక్కటి తప్ప. అది పూతకు ముందే పోవాలి.