జాజ్‌లో మొదట వినాల్సిన ఆల్బమ్: పన్నెండేళ్లుగా వింటున్న ‘కైండ్ ఆఫ్ బ్లూ’

జాజ్ ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరు అడిగినా నేను పన్నెండేళ్లుగా ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959 నాటి ‘కైండ్ ఆఫ్ బ్లూ’ పేరే చెబుతున్నాను. ఇది అందరూ చెప్పే పేరే అయినా, నేను మాత్రం దాని దగ్గరకు చుట్టుదారిలో చేరాను. జాజ్ బాగా తెలిసిన ఒక మిత్రుడు, ఈ సంగీతానికి శిఖరం ఇదేనంటూ, అదే డేవిస్ 1970లో తెచ్చిన ‘బిచెస్ బ్రూ’ను మొదట వినిపించారు. ఎలక్ట్రిక్ పియానోలు, గిటారు, ఒకరికి మించిన డ్రమ్మర్లు ఒకేసారి మోగే ఆ ఆల్బమ్‌లో మొదటి రచనే ఇరవై నిమిషాలుంటుంది. దేన్ని పట్టుకుని వినాలో తెలియక మధ్యలోనే ఆపేసి, రెండేళ్ల పాటు జాజ్ జోలికి వెళ్లలేదు.

‘కైండ్ ఆఫ్ బ్లూ’లో మొదటి ట్రాక్ ‘సో వాట్’ ఆ చిక్కును తీర్చింది. పియానో, బేస్ కాసేపు తాళం పట్టింపు లేకుండా మెల్లగా మాట్లాడుకుంటాయి. తర్వాత బేస్ ఒక ప్రశ్నలాంటి పలుకు ఎత్తుకుంటే ముందు పియానో, ఆపై ట్రంపెట్, సాక్సోఫోన్లు రెండేసి స్వరాలతో జవాబిస్తాయి. ఒకటిన్నర నిమిషం దాటాక డేవిస్ సోలో మొదలవుతుండగా డ్రమ్మర్ జిమ్మీ కాబ్ సింబల్‌పై కొట్టిన దెబ్బ, గది నిండా పరుచుకుని నెమ్మదిగా కరిగిపోవడం నేను ఇప్పటికీ ఊపిరి బిగబట్టి వింటాను.

ఈ రచన కొత్తవారికి అందడానికి కారణం దాని నిర్మాణంలోనే ఉంది. అంతకుముందటి వేగవంతమైన జాజ్ శైలి బీబాప్‌లో బారుకో (తాళావర్తనం లాంటి కొలత) రెండు బార్లకో కార్డ్ (కలిసి మోగే స్వరాల గుత్తి) మారిపోతుంటే, ఇక్కడ 32 బార్లలో మొదటి 16 ఒకే స్వరవరుసపై నిలుస్తాయి, తర్వాతి 8 బార్లకు అదే వరుస అరస్వరం పైకి జరుగుతుంది, చివరి 8 మళ్లీ మొదటి చోటికే వస్తాయి. ఆ వరుస మన ఖరహరప్రియ స్వరాలే కాబట్టి, రాగాలాపన విన్న చెవికి కాళ్ల కింద నేల దొరుకుతుంది. ఆ నేల మీద డేవిస్ కొద్ది స్వరాలతో, మౌనాన్ని కూడా వాయిస్తున్నట్టు నడుస్తారు. సాక్సోఫోన్ వాయించే ఇద్దరిలో జాన్ కోల్ట్రేన్ ఏదో వెతుకుతున్నట్టు బిగువుగా, కానన్‌బాల్ యాడర్లీ ఉల్లాసంగా వస్తారు. మనోధర్మం అంటే ఏమిటో ఇంత స్పష్టంగా చూపే పదినిమిషాలు నాకు మరొకటి తెలియదు.

లోపం కూడా చెప్పాలి. నెమ్మదైన ‘బ్లూ ఇన్ గ్రీన్’ వంటివి ఏదో పని చేసుకుంటూ వింటే వెనకాల హాయిగా సాగిపోతాయి తప్ప పట్టు చిక్కవు. నేను సిఫారసు చేసినవారిలో కొందరు ‘బాగుంది’ అని అక్కడితో వదిలేశారు. అలాంటివారికి ఇప్పుడు అదే 1959లో వచ్చిన చార్ల్స్ మింగస్ ‘మింగస్ ఆ అమ్’ను, లయ మీద మక్కువ ఉన్నవారికి ఐదు దెబ్బల తాళంలో నడిచే ‘టేక్ ఫైవ్’ ఉన్న డేవ్ బ్రూబెక్ ‘టైమ్ అవుట్’ను ముందుగా చెబుతున్నాను. రికార్డుతో పాటు వాయించుకునేవారు మరొకటి గమనించాలి: టేపు యంత్రం వేగంలో తేడా వల్ల పాత ముద్రణల్లో మొదటి వైపు శ్రుతి కాస్త హెచ్చుగా ఉండేది, 1992 ముద్రణలో దాన్ని సరిచేశారు.

ఆ తర్వాత కోల్ట్రేన్ ‘ఎ లవ్ సుప్రీమ్’కు వెళ్లవచ్చు, నాలుగు భాగాలూ కలిపి అరగంట పైచిలుకే. ‘బిచెస్ బ్రూ’కు మాత్రం నేను డేవిస్‌దే అయిన 1969 నాటి ‘ఇన్ ఎ సైలెంట్ వే’ మీదుగానే తిరిగి వెళ్లగలిగాను. అందులో మూడు ఎలక్ట్రిక్ కీబోర్డులు అల్లుకుంటున్నా, డ్రమ్మర్ టోనీ విలియమ్స్ హై-హ్యాట్ (జంట సింబల్) ఒక్కటే నిలకడగా చిటచిటలాడుతూ దారి చూపుతుంది. అలా ఒక్క శబ్దాన్ని పట్టుకుని వినడం అలవాటయ్యాక, ఒకప్పుడు సగంలో ఆపిన ఆ ఇరవై నిమిషాల రచనలో ముందుగా బేస్‌ను వెతికి పట్టుకుని, చివరిదాకా విన్నాను.