పాత బ్రౌనింగ్‌కి ఏ తూటా వాడాలో తేల్చిన షెడ్డు (రేటింగ్: 5కి 4)

డాలస్ దగ్గర మేముండే ఊళ్లో రేకుల షెడ్డులో పనిచేసే ఒక గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే) పెద్దాయన గురించి ఈ రివ్యూ. నెట్‌లో తన పేరు రావడం ఇష్టం లేదన్నాడు కాబట్టి పేరు రాయడం లేదు.

మా ఊరి మునసబు గారింట్లో గోడకి వేలాడే డబుల్ బ్యారెల్ తప్ప వేరే తుపాకీ చూసి ఎరగను నేను. ఇక్కడికొచ్చాక ఫ్రెండ్‌తో కలిసి క్లే టార్గెట్లు (గాల్లోకి విసిరే మట్టి బిళ్లలు) కొట్టడం, సెప్టెంబర్ 1న గువ్వల సీజన్ మొదలవగానే పొలాల మీద పడటం అలవాటైంది. పోయినేడు బెల్జియంలో తయారైన పాత బ్రౌనింగ్ ఆటో-5 షాట్‌గన్, 12 గేజ్‌ది (గేజ్ అంటే గొట్టం వెడల్పు కొలత, అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నం), సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అమ్మిన షాపు కుర్రాడు పనిలో పనిగా బాతుల వేటకని స్టీల్ గుళ్లు నింపిన 3 అంగుళాల తూటాల డబ్బాలు రెండు అంటగట్టాడు. ఇంటికొచ్చి ఒకటి ఛాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) పెట్టి చూస్తే చక్కగా కూర్చుంది, ఇంకేం అనుకున్నాను.

తుపాకీ పట్టుకెళ్లి ఈ మాట చెప్పగానే పెద్దాయన ముందు ఇంట్లో అసలు తూటా పెట్టి చూసినందుకు తిట్టాడు, తర్వాత బ్యారెల్ పక్కన చెక్కిన అక్షరాలు నా చేతే చదివించాడు. 2¾ అంగుళాల షెల్స్ అని శుభ్రంగా రాసి ఉంది! తూటా మీద రాసే పొడవు పేలాక మూతి విచ్చుకున్నప్పటిదట, పేలకముందు మూతి మడిచి ఉంటుంది కాబట్టి 3 అంగుళాలది కూడా పొట్టి ఛాంబర్‌లో దూరిపోతుంది. కాల్చినప్పుడు మాత్రం ఆ మూతి విచ్చుకోడానికి చోటు లేక ముందున్న సన్నటి భాగంలో ఇరుక్కుంటుంది, గుళ్లన్నీ ఆ ఇరుకులోంచే తోసుకుపోవాలి, ప్రెషర్ ఎక్కడికో పోతుంది.

స్టీల్ సంగతి ఇంకో తలనొప్పి. బ్యారెల్ మీద ఒక స్టార్ గుర్తుంది. హోటల్ రేటింగ్‌లా ఒక్క స్టారంటే తక్కువేమో అనుకున్నాను గానీ బ్రౌనింగ్‌లో అది తిరగేసి ఉంటుంది: చోక్ అంటే గొట్టం మూతి దగ్గరి బిగింపు, ఒక స్టార్ ఫుల్ చోక్, అన్నిటికంటే బిగువు, మూడుంటే అసలు చోక్ లేని సిలిండర్. ఆయన కొలిచే పరికరం పెట్టి చూస్తే మూతి దగ్గర 0.036 అంగుళాల బిగింపు వచ్చింది. సీసం మెత్తన, నలిగి సర్దుకుని బయటికి పోతుంది, స్టీల్ నలగదు, చోక్ దగ్గర గొట్టం ఉబ్బిపోవచ్చు. బెల్జియం బ్యారెళ్లలో స్టీల్ వాడొద్దని బ్రౌనింగ్ కంపెనీయే చెబుతోందట. అమెరికాలో 1991 నుంచి బాతులకి సీసం నిషేధం కాబట్టి నాకు మిగిలింది బిస్మత్ అనే ఇంకో లోహం గుళ్లు, దాని ధర వింటే బాతు కూర మీద ఆశ పోతుంది.

ఇవన్నీ ఒక ఎత్తు. నా సంచీలో ఎర్ర తూటాల మధ్య ఒక పసుపుది చూసి ఆయన మొహం మారిపోయింది. మా ఫ్రెండ్ వాళ్లావిడ తుపాకీది, 20 గేజ్. అది 12 గేజ్ ఛాంబర్‌లోంచి జారి ముందు గొట్టంలో ఇరుక్కుంటుంది, బయటికి ఖాళీగానే కనిపిస్తుంది, వెనక ఇంకోటి పెట్టి కాల్చామంటే బ్యారెల్ చేతుల్లో పగులుతుంది. పసుపు రంగు పెట్టిందే అందుకు. ఇప్పుడు మా కార్లో రెండు వేరు వేరు సంచులు.

చోక్ వదులు చేసి, మర తిప్పి మార్చుకునే చోకులు పెట్టమని అడిగాను. గొట్టం గోడ మందం కొలిచి, వద్దు, పాడుచేసుకోకు అన్నాడు. డబ్బులొచ్చే పనిని వద్దనే మనిషి నాకు నచ్చాడు. 40 గజాల్లో కాగితానికి కాల్చి 30 అంగుళాల వృత్తంలో ఎన్ని పడ్డాయో లెక్కపెట్టుకోమన్నాడు. 1⅛ ఔన్సుల 7½ నంబర్ సైజు సీసం గుళ్లు, తూటాలో దాదాపు 394 గుళ్లు, డైనింగ్ టేబుల్ మీద పరిచి లెక్కిస్తే 271 చిల్లులు. ఫుల్ చోక్‌కి 70 శాతం రావాలి, దాదాపు అంతే వచ్చింది. మా ఆవిడ అన్నం చల్లారిపోతోందని అరుస్తూనే ఉంది.

ఒక పాయింట్ ఎందుకు తగ్గించానంటే, రెండు వారాలన్నది ఐదు వారాలైంది, కొలతలు కాగితం మీద రాసివ్వమని రెండుసార్లు అడగాల్సి వచ్చింది, కార్డు తీసుకోడు. కొలతలకి 60 డాలర్లు తీసుకున్నాడు, అది న్యాయమే.

షాపు వాళ్లు తూటాలు వెనక్కి తీసుకోరు కాబట్టి ఆ స్టీల్ డబ్బాలు రెండూ మా ఫ్రెండ్‌కి సగం ధరకి ఇచ్చేశాను. వాడి మాస్‌బర్గ్ షాట్‌గన్ బ్యారెల్ మీద 3 అంగుళాలని ఉంది, స్టీల్‌కి పనికొచ్చే మాడిఫైడ్ చోక్ (ఫుల్ కన్నా వదులు) వేసుకున్నాడు. ఇచ్చేముందు ఇద్దరం టార్చి వేసి మరీ చదివాం.